పండుగల ఋతువు – పల్లె గ్రంథాలయము

(జాతీయ గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వానలు వెనుకపట్టి, ఆకాశము తేటపడి, చెరువులలో నీరు నిలుకడగా నున్న దినము లివి. వరి కోతకు వచ్చినది. పత్తి తీతలు సాగుచున్నవి. ఇట్టి పనివేళ మా మాటలు వినుటకు తీరిక చేసికొని వచ్చితిరి. కావున చెప్పదలచిన దానిని సూటిగానే చెప్పెదము.

మేము చెప్పదలచినవి రెండు. మొదటిది, మన మూడు జిల్లాల పల్లెలలో శరదృతువున జరుగు వింత వింత ఆచారములు. రెండవది, మన గ్రంథాలయములకు వచ్చు కొత్త పుస్తకములు. ఈ రెంటికిని సంబంధ మేమని మీ రడుగవచ్చును. ఆ సంబంధమును మేము ఒక గ్రామమున కన్నులార చూచితిమి. ఆ గ్రామము పేరు చెప్పము. అది ఏ గ్రామమైనను కావచ్చును.

ఒక కార్తీకమాసమున మే మా యూరి గ్రంథాలయమునకు వెళ్ళితిమి. గది శుభ్రముగా నున్నది. బల్లమీద కొత్త పుస్తకముల మూట యొకటి యున్నది. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసినారు. దండ వాడి యెండిపోయినది గాని మూటకు కట్టిన పురికొస మాత్రము చెక్కుచెదరలేదు. అడుగగా, "సరస్వతీపూజ నాడు పూజ చేసితిమండీ. విప్పుటకు మంచిరోజు చూచుచున్నాము" అని ఒక పెద్దమనిషి వినయముగా చెప్పెను.

అదే సమయమున తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె వచ్చినది. బడిలో బతుకమ్మను గూర్చి వ్యాసము వ్రాయుమనిరట. తొమ్మిది దినములలో ఆరవనాడు బతుకమ్మను ఎందుకు పేర్చరో తెలుపు పుస్తక మున్నదా యని అడిగినది. బీరువాలో అట్టిది దొరకలేదు. "మీ యింటిలో పెద్దవాళ్ళ నడుగరాదా అమ్మా?" అంటిమి. "మా నాయనమ్మకు అన్నియు తెలియును. ఆమె మొన్నటి ఎండకాలము పోయినది. నేను వ్రాసికొనలేదు" అని చెప్పి వెళ్ళిపోయినది.

విప్పని మూట యొకటి, వ్రాయని మాట యొకటి. నేటి మా ప్రసంగ మంతయు ఈ రెంటిని గూర్చియే.

ముందుగా ఆచారములను చెప్పుకొందము. మన ప్రాంతమున శరత్కాలపు పండుగలు పెత్రమాసతో మొదలగును. అనగా భాద్రపద బహుళ అమావాస్య. ఆనాటి ఉదయము గతించిన పెద్దల పేర బియ్యము, కూరగాయలు ఇత్తురు. ఆ సాయంకాలమే ఆడుబిడ్డలు ఎంగిలిపూల బతుకమ్మ నెత్తుకొని వాకిట నిలుతురు. ఒకే దినమున ఉదయము పోయినవారి స్మరణ, సాయంకాలము బ్రతుకు పేరిట పాట! వింతయే గాని ఇందొక నిండుదనము కలదు. ఎంగిలిపూలని ఏల యనిరి? ముందునాడు కోసి తెచ్చిన పూలు గనుక అట్లనిరని కొందరు, భోజనము చేసిన పిమ్మట పేర్తురు గనుక అని మరికొందరు చెప్పుదురు. ఊరికొక మాట.

తొమ్మిది దినములకు తొమ్మిది పేర్లు: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యపు, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మలు. వంటింటి పేర్లే పండుగ పేర్లైనవి. ఏనాటి పలహారము ఆనాటి పేరు. వేపకాయలనగా చెట్టుకాయలు కావు. బియ్యపుపిండిని ఆ కాయల యాకారమున చేసి నూనెలో వేయింతురు. ఆరవనా డొక్కటే పలహారము లేదు, పూలు లేవు, ఆట లేదు. ఆనాడు బతుకమ్మ అలిగినది. పూర్వ మెప్పుడో పొరపాటున మాంసపు ముద్ద తగులుటచే అలిగినదని కొందరందురు. దేవతకు కోపము వచ్చినచో శాంతిచేయుట అంతట నున్న యాచారమే. దేవత అలిగినదని ఊరంతయు ఒకనాడు ఊరకుండుట మాత్రము అరుదైన మర్యాద.

బతుకమ్మలో మరియొక వింత యున్నది. అంతటను పూలతో దేవతను పూజింతురు. ఇచ్చట పూల నడుమ పసుపు గౌరమ్మ నుంచి, పూల ప్రోవునే అమ్మవారిగా మ్రొక్కుదురు. ఆ పూలు కూడ కొన్నవి కావు. తంగేడు బీడున పూచును. గునుగు జొన్నచేలలో కలుపుగా మొలచును. గుమ్మడిపూవు పెరటి పాదున దొరకును. రైతు పీకి పారవేయు కలుపుమొక్కకు ఏడాదిలో తొమ్మిది దినములు సింహాసనము దక్కును. కలుపుమందు చల్లిన చేలలో గునుగు కానరాక, పూలకై దూరము పోవలసి వచ్చుచున్నదని స్త్రీలు చెప్పుచున్నారు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట బతుకమ్మను రాష్ట్ర పండుగగాను, తంగేడును రాష్ట్ర పుష్పముగాను ప్రకటించిరి. ఆ గౌరవము పూవునకు దక్కినది. పూవు పూచు బీడును కాచుట మన పని.

ఇక దసరా. ఆనాడు పాలపిట్టను చూచినచో శుభమని ఊరి పొలిమేరకు పోవుదురు. జమ్మిచెట్టుకు పూజచేసి, ఆకు తెంపి, బంగారమని పేరుపెట్టి, పెద్దల చేతులలో నుంచి పాదములకు మ్రొక్కుదురు. ఏడాదిపాటు మాటలు లేనివారును ఆనాడు ఆకు చేతబట్టుకొని ఎదురుపడి ఆలింగనము చేసికొందురు. పాండవులు ఆయుధములను దాచిన చెట్టని దానికి కథ. కొన్ని యూళ్ళలో ఇంటివారి పేర్లు వ్రాసిన చీటీని ఆ చెట్టు చెంత నుంతురు. చదువురాని యింటివారు సైతము ఆనాడు ఎవరిచేతనైనను వ్రాయించి తెత్తురు. పాలపిట్టయు, జమ్మిచెట్టును నేడు రాష్ట్ర పక్షి, రాష్ట్ర వృక్షములు. అయినను పక్షిని వలపన్ని పట్టి, పంజరమున నుంచి, దర్శనమునకు పైకము తీసికొనువారు కొన్నిచోట్ల తయారైరి. పురుగులను తిని పైరుకు మేలుచేయు పక్షి యది. దానిని పట్టి బంధించుట చట్టరీత్యా నేరము. పొలిమేరకు నడచిపోయి ఎగురుచుండగా చూచుటయే అసలైన ఆచారము.

మహబూబాబాద్ జిల్లా తండాలలో దీపావళి మరియొక తీరున నుండును. అమావాస్య రాత్రి పెండ్లికాని ఆడుపిల్లలు దీపము చేతబట్టి, నాయకుని ఇంటితో మొదలుపెట్టి ఇంటింటికి పోయి, పాటతో మేలుకోరుదురు. దీనిని మేర యందురు. మరునాడు పెద్దలను తలచుకొందురు. ఊరిలో బాణసంచ మ్రోగు రాత్రి, తండాలో పాట వినబడును. భూపాలపల్లి అడవి గూడెములలో కోయవారు కొత్త పంట చేతికి వచ్చినను, దేవతకు సమర్పించి కొత్తల పండుగ జరుపుకొననిదే నోట పెట్టరు. కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియుచోట, అంతర్వాహినిగా సరస్వతి యున్నదని నమ్మి, కార్తీకమున స్నానములు చేసి దీపములు విడుతురు. ఉసిరిచెట్టు నీడన పంక్తిభోజనములు చేయుదురు. భూపాలపల్లి గనులలోను, జనగామ బస్సుల అడ్డాలోను, పెంబర్తి కంచరుల కొలిమి యొద్దను ఆయుధపూజ జరుగును. ఆనాడు పనిముట్టును పనిలో పెట్టక, కడిగి బొట్టుపెట్టుదురు.

ఇచ్చటనే మన విషయము పుస్తకముల వైపు మరలుచున్నది. పుస్తకము కూడ ఒక ఆయుధమే గదా యని దానిని కూడ పూజలో నుంతురు. మూలా నక్షత్రము నాడు సరస్వతీపూజ. బాసరలో ఆనాడు పసివారికి అక్షరాభ్యాసము చేయింతురు. కేరళమున దుర్గాష్టమి నాడు పుస్తకములను పూజలో నుంచి, విజయదశమి ఉదయము వరకు ఎవరును చదువరు. అయితే విజయదశమి తెల్లవారగనే పిల్లలు, పెద్దలు తప్పక పుస్తకము విప్పి చదివి తీరవలెను. చదువకుండుట ఆచారమున సగము మాత్రమే. విప్పి చదువుట తక్కిన సగము. మే మా గ్రామమున చూచిన పెద్దలు మొదటి సగమును భక్తితో పాటించిరి. రెండవ సగమును మరచిరి.

మిత్రులారా! పైన చెప్పిన ఆచారము లన్నిటిలోను రెండు మంచి గుణములు కలవు. ఒకటి, వీనికి పెద్ద ఖర్చు లేదు. రెండు, ప్రతి ఇంటివారును ఏదో ఒకటి తెత్తురు, ప్రతి ఇంటివారును ఏదో ఒకటి తీసికొని పోవుదురు. తెచ్చిన పూలు చెరువులో కలియును. సద్ది అందరి చేతులకు అందును. కాని వీనికొక లోపము కూడ కలదు. ఇవి మనుష్యుల జ్ఞాపకముననే యున్నవి. జ్ఞాపకమున్న మనిషి పోయినచో ఆచారములో ఒక ముక్క పోవును. ఫోనులో బతుకమ్మ పాటలు వందలు దొరకును. మీ యూరి చెరువు పేరు, మీ యూరి ఆడుబిడ్డ కథ గల పాట అందు దొరకునా?

వ్రాసినది మాత్రమే నిలుచునని చెప్పుటకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. జనగామ జిల్లా పాలకుర్తిలోనే సాక్ష్యమున్నది. కాకతీయుల కాలపువాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున నాటి జనులు పాడుకొను పదముల పేర్లను పట్టిక వేసినట్లు చెప్పెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అందున్నవి. వెన్నెల పదములనగా బహుశః ఇట్టి శరద్రాత్రులలో పాడుకొన్నవే. సోమన పేర్లు వ్రాసెను గనుక పేర్లు నిలిచినవి. ఆ పదములను సోమన కాలమున ఎవరును వ్రాసి పెట్టకుండుటచే, నాటి జనులు పాడిన తీరు నేడు మనకు దక్కలేదు. కొన్ని వందల యేండ్ల పిమ్మట సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయునపుడు, కాకతీయుల నాటి సామాన్య జనుల ఆటపాటలు, వేషభాషలు తెలిసికొనుటకు సోమన గ్రంథములను కూడ ఆశ్రయించిరి. 1949లో వెలువడిన ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున మొట్టమొదటి బహుమతి నిచ్చినది.

ఆ పొరుగుననే బమ్మెర. పోతన వ్రాసిన భాగవతము సైతము కొన్ని స్కంధములు మనకు సంపూర్ణముగా దక్కలేదు. వానిని గంగన, సింగన, నారయ యనువారు పూరించిరి. అంతటి గ్రంథమే భద్రపరచువారు లేక కొంత నష్టపడినపుడు, మీ యూరి ముసలమ్మ పాట ఏమగునో ఆలోచింపుడు. ఉమ్మడి వరంగల్లు జిల్లా దేవునూరున పుట్టిన బిరుదురాజు రామరాజు గారు పల్లెపల్లె తిరిగి జానపద గేయములను సేకరించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ విషయముపై పరిశోధన చేసి పట్టము పొందిరి. ఒక్కరు తిరిగినందుకే అంత పని జరిగినచో, ప్రతి పంచాయతీయు తన యూరిని తాను వ్రాసికొన్నచో ఎంత జరుగును!

"మాది చిన్న ఊరు. పుస్తకములు, వ్రాతలు పట్టణమువారి పని" అని కొందరు చెప్పుదురు. వారికి ఇనుగుర్తి కథ చెప్పుచున్నాము. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరు లుండిరి. 1922లో వారు తమ ఊరిలోనే ముద్రణయంత్రము నెలకొల్పుకొని, తెనుగు అను వారపత్రికను వెలువరించిరి. నిజాం పాలనా దినములవి. పాలకుల భాష ఉర్దూ. సభ జరుపుకొనుటకు ముందుగా అనుమతి పొందవలెను. అట్టి కాలమున ఒక పల్లెనుండి తెలుగు పత్రిక ఊరూరికి పోయెను. విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల పేర వారు పుస్తకములను కూడ ప్రచురించిరి.

గ్రంథాలయముల కథయు అట్టిదే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. రాజకీయ సభలు జరుపుకొన వీలులేని దినములలో జనులు చదువుగదిలో కూడుకొని పత్రిక చదివి వినుచుండిరి. తెలంగాణములో మేలుకొలుపు ముందుగా ఆ గదులలోనే వినబడినది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరున పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు, ఆయన తమ్ముడు రంగాచార్యులు ఆ గాలి పీల్చినవారే. రంగాచార్యుల చిల్లర దేవుళ్ళు నవల చదివినచో, పోలీసుచర్యకు ముందు తెలంగాణపు పల్లె ఎట్లుండెనో మన పిల్లలకు తెలియగలదు.

నాడు అనుమతి లేక గ్రంథాలయములు పెట్టుటకు కష్టపడిరి. నేడు చట్టమే మనకు అండగా నున్నది. 1955లో హైదరాబాదు రాష్ట్ర గ్రంథాలయ చట్టము, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినవి. ఆ చట్టమే నేడు తెలంగాణమునకు అన్వయింపబడి అమలులో నున్నది. 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, ఈ మూడు జిల్లాలు ఏర్పడినవి. పిమ్మట మీ జిల్లాకు మీ జిల్లా గ్రంథాలయ సంస్థ కలిగినది. పండుగనాడు పుట్టిన జిల్లాలకు పండుగ పుస్తకములు లేకుండుట భావ్యము కాదు.

ఇప్పుడు డబ్బు మాట. మీరు శ్రద్ధగా వినవలసిన దిదియే. గ్రంథాలయములకు ఆకాశమునుండి పుస్తకములు రాలవు. మీ గ్రామమున వసూలు చేయు ఇంటిపన్నుతో పాటు, పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగును. అనగా 500 రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు దానిపై 40 రూపాయలు గ్రంథాలయమునకై కట్టుచున్నాడు. ఉదాహరణకు ఒక గ్రామమున 400 ఇండ్లవారు తలకు 500 చొప్పున కట్టిరనుకొందము. ఇంటిపన్ను 2,00,000 రూపాయలు. గ్రంథాలయ పన్ను 16,000 రూపాయలు. ఈ సొమ్మును పంచాయతీ తన ఖర్చులకు వాడుకొనరాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. అచ్చటనుండి పుస్తకములు, దినపత్రికలు, గది మరమ్మతులు, కరెంటు బిల్లులు గడువవలెను.

కొన్ని పంచాయతీలలో ఈ సొమ్ము వసూలైనను సకాలమున జమకాదు. దురుద్దేశముతో కాదు. వీధిదీపములని, పారిశుద్ధ్యమని, ట్రాక్టరు వాయిదా యని అవసరములు ముందుకు వచ్చును. గ్రంథాలయము వెనుకకు పోవును. పంచాయతీ కష్టములు మాకు తెలియక కాదు. కాని రసీదుపై గ్రంథాలయ పన్నని వ్రాసి తీసికొన్న పైకము ఇంకొక పనికి పోయినచో, కట్టినవానికి మన మేమని సమాధానము చెప్పుదుము? మన ఊరి గ్రంథాలయమున కొత్త పుస్తకము లేదని ఫిర్యాదు చేయుటకు ముందు, మన ఊరి పన్ను జమయైనదా యని మొదట మనలను మనము అడుగవలెను.

ఈ పన్నుకు తోడు ప్రభుత్వ సహాయమున్నది. కలకత్తాలో 1972లో స్థాపింపబడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్ర ప్రభుత్వములతో కలిసి పుస్తకముల కొనుగోలుకు తోడ్పడుచున్నది. దాతలు కూడ పుస్తకము లిచ్చుచున్నారు. వచ్చిన పుస్తకమును చేరికల రిజిస్టరున ఎక్కించి, వరుస సంఖ్య వేసి, ముద్ర కొట్టి, విషయమును బట్టి అరలో పెట్టిన పిమ్మటనే పాఠకునికి ఇంటికి ఇయ్యవచ్చును. ఒక పుస్తకమునకు కొలది నిమిషముల పని. మూట కట్టు విప్పనిచో ఆ కొలది నిమిషములు ఏడాదియైనను పూర్తికావు. గ్రంథాలయ శాస్త్రవేత్త యస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రములలో మొదటిది పుస్తకము ఉపయోగపడుటకే యున్నదను విషయమునే తెలుపుచున్నది.

నేడు మన గ్రంథాలయములలో ఎవరు కూర్చుండుచున్నారు? ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులు, యువతులు ఉదయమునుండి రాత్రివరకు కూర్చుండుచున్నారు. చాల సంతోషము. వృద్ధులు దినపత్రిక చూచి పోవుచున్నారు. కాని గృహిణులు, కూలికి పోవు స్త్రీలు, పసిపిల్లలు వచ్చుట అరుదు. బతుకమ్మ నడిపించు స్త్రీలకే గ్రంథాలయపు తలుపు దూరమైనది. వారు రాకున్నచో పుస్తకమే వారియొద్దకు పోవలెను. ఇది కొత్త మాట కాదు. 1931లో తమిళనాట మన్నార్గుడి ప్రాంతమున ఎడ్లబండిపై గ్రంథాలయము నడచినది. 1935లో ఆంధ్రదేశమున కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయము నడచినది. ఎడ్లబండ్లతో, పడవలతో వారు చేసిన పనిని, ఇంటింటికి మోటారుసైకిలున్న కాలమున మనము చేయలేమా?

పరదేశమున కూడ శరత్కాలమును చదువు కాలముగా చేసికొన్నవా రున్నారు. రెండవ ప్రపంచ యుద్ధమున ఓడి, పట్టణములు బూడిదయైన జపానులో, 1947 శరత్తున పఠన వారోత్సవము ప్రారంభించిరి. నేటికిని ప్రతియేట అక్టోబరు 27 మొదలు నవంబరు 9 వరకు దానిని జరుపుచున్నారు. శరత్తనగా పఠన ఋతువని అచ్చట ఇంటింట నానుడి. మన దేశమున 1968 నుండి నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. అది కూడ శరత్తుననే. మనకు ఋతువున్నది, వార మున్నది, చట్టమున్నది. పూనిక యొక్కటే కావలెను.

కావున మీ ముందు నాలుగు పనులు పెట్టుచున్నాము.

మొదటిది. మీ పంచాయతీలో ఈ యేట గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, ఎంత జమయైనది, బకాయి ఎంత? తరువాతి సమావేశమున ఈ మూడు అంకెలను కార్యదర్శి నడిగి, తీర్మానపు పుస్తకమున వ్రాయింపుడు. బకాయి ఒక్కసారి తీరకున్నచో వాయిదాలలో తీర్చుటకు తీర్మానింపుడు. గ్రంథాలయమే లేని గ్రామములవారు, తండాలవారు పుస్తక నిక్షేప కేంద్రమునకై జిల్లా సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. అర్జీతో పాటు పన్ను కట్టిన రసీదు చూపినచో మాటకు బలము కలుగును.

రెండవది. కొత్త పుస్తకములకు కూడ కొత్తల పండుగ చేయుడు. పూజ మానుమని మేము చెప్పుట లేదు. సరస్వతీపూజ నాడు మూటకు బొట్టు పెట్టుడు. విజయదశమి నాడు జమ్మి పూజ ముగించి వచ్చి, అందరి యెదుట కట్టు విప్పుడు. బడిపిల్ల యొకతె పుస్తకముల పేర్లు బిగ్గరగా చదువవలెను. ఆ పట్టికను పంచాయతీ గోడకు అతికింపుడు. ఆనాడే కొన్ని పుస్తకములు ఇండ్లకు పోవలెను.

మూడవది. రెండు వందల పుటల గీతల నోటుపుస్తక మొకటి కొని, ఊరి పుస్తకమని పేరుపెట్టి గ్రంథాలయమున నుంపుడు. ఉన్నత పాఠశాల పిల్లలు పెద్దమనుష్యులయొద్ద, ముఖ్యముగా ముసలమ్మలయొద్ద కూర్చుండి అడిగి వ్రాయవలెను. ఏ పండుగ ఏ దినమున, ఏ పూలు ఎచ్చట కోసిరి, ఏ పలహారము, ఏ పాట, ఏ చెరువు? వారు పలికినది పలికినట్లే వ్రాయవలెను, దిద్దరాదు. తండా పాటను వారి భాషలోనే, తెలుగు లిపిలో వ్రాసి, క్రింద అర్థము వ్రాయవలెను. చెప్పినవారు ఒప్పుకొన్నచో వారి పేరు, వ్రాసినవారి పేరు, తేది వేయవలెను. ఒకే ఆచారమునకు ఇద్దరు రెండు కారణములు చెప్పినచో రెండును వ్రాయవలెను; ఏది నిజమని తగవు పెట్టుకొనవలదు. ప్రతి యొకటి రెండు ప్రతులు. ఒకటి బడిలో, ఒకటి గ్రంథాలయమున.

నాల్గవది. వారమున ఒక సాయంకాలము స్త్రీలకని కేటాయింపుడు. స్వయం సహాయక సంఘముల సమావేశ మచ్చటనే జరిగినచో, వచ్చినవారు పోవునపుడు ఒక పుస్తకము తీసికొని పోవుదురు. చదువురానివారికి చదివి వినిపించు పిల్ల యొకతె ప్రతి ఇంట నున్నది. దూరపు వాడలకు ఇరువది ముప్పది పుస్తకముల పెట్టె నొకదానిని నెలకొకసారి పంపి మార్చుచుండుడు.

ఇవేవియు పెద్ద పనులు కావు. బతుకమ్మకు ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క గంప పూలు తెచ్చినట్లు, ఒక్కొక్కరు ఒక్కొక్క పని అందుకొన్నచో చాలును.

చివరకు ఆ బాలిక మాట చెప్పి ముగించెదము. ఆనాడు మేము పెద్దల యనుమతితో మూట విప్పితిమి. పిల్లల కథలు, సేద్యపు పుస్తకములు, కొన్ని నవలలు అందుండెను. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబున్న పుస్తకము అందు లేదు. గ్రంథాలయాధికారి ఒక తెల్లని నోటుపుస్తకము తీసి, ఆ బాలిక యింటి యెదురింటి వృద్ధురాలి యొద్దకు ఆమెను పంపెను. మరునాడు ఆమె నాలుగు పుటలు వ్రాసి తెచ్చినది. అలిగిన బతుకమ్మ కథ అందున్నది. మేము పుస్తకములలో చదివిన కథకు అది కొంత భిన్నముగా నున్నది. ఆ నోటుపుస్తకమునకు గ్రంథాలయాధికారి చేరికల రిజిస్టరున సంఖ్య వేసి, ముద్ర కొట్టి, కొత్త పుస్తకముల సరసన అరలో పెట్టెను. ఆ యేట ఆ గ్రంథాలయమునకు వచ్చిన కొత్త పుస్తకములలో అది కూడ ఒకటి.

మీ గ్రామమున కూడ అట్టి పుస్తక మొకటి రాగలదు. అది ఏ ప్రచురణకర్తయు పంపజాలడు. మీరే తెప్పించవలెను.